దైవాశీర్వాదం చేసిన తూటాలు

దైవాశీర్వాదం ఇంటి గరాజ్‌లో కారుకి చోటుండేది కాదు. అమెరికాలో క్యారీ అనే ఊళ్ళో ఇల్లు కొన్న మొదటి ఏడాదే ఆ చోటుని అతను పాత తలుపుచెక్కతో చేసిన బల్లకీ, దానిమీద బిగించిన లీవర్ ప్రెస్సుకీ, ఇత్తడి కేసులు నింపిన కాఫీ డబ్బాలకీ రాసిచ్చేశాడు. పాపం స్టేషన్ వేగన్ ఎండకి ఎండుతూ వానకి తడుస్తూ బయటే పడి ఉండేది. పేల్చిపారేసిన తూటాల ఖాళీ కేసులు ఏరుకొచ్చి, కడిగి, అడుగున నిప్పంటించే కొత్త ప్రైమర్ కొట్టి, తుపాకిమందు పౌడర్ పోసి, మూతికి సీసపు బుల్లెట్ బిగించి మళ్ళీ తూటాలు చెయ్యడం అతని సరదా. రీలోడింగ్ అంటారు. తెనాలి దగ్గర చర్చి ఉపదేశి కొడుక్కి ఇదేం సరదా అని మీరడగొచ్చు. అతని భార్య దేవకుమారి కూడా అదే అడిగేది.

"లోకంలో ఇంకేం హాబీలు దొరకలేదా అండీ మీకు? స్టాంపులు కలెక్ట్ చేసుకోవచ్చుగా!"

"నేనెవర్ని కాలుస్తున్నానే? కాగితాన్ని."

పోనీ వేటగాడా అంటే, కోడిని కోయాల్సొస్తే పక్కింటికి పారిపోయే రకం. పగలంతా మందుల కంపెనీ ల్యాబ్‌లో త్రాసు ముందు కూర్చునే మనిషి. ఇంటికొచ్చాక కూడా పౌడర్ తూచే త్రాసే కావలసి వచ్చిందంటే, దానికి కారణం పక్కవీధి ప్రూయిట్. రిటైరైన హైస్కూల్ ప్రిన్సిపాల్. సన్నగా, పొడుగ్గా, మాట్లాడితే అరిగిపోతానేమో అన్నట్టుండే మనిషి. ఆ ఊళ్ళో దైవాశీర్వాదం పేరు నోరు తిరగక 'డేవ్' అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు గానీ, డేవ్‌ని ఇంట్లోకి పిలిచి కుర్చీ వేసినవాడు ఆయనొక్కడే. పిలిచి తన బేస్‌మెంట్‌లో ప్రెస్ చూపించి, లీవర్ చేతికిచ్చాడు. ఒక చలికాలమంతా పక్కన కూర్చుని నేర్పాడు. మొట్టమొదటి తూటా తయారై చేతిలో పడ్డరోజు, వెచ్చగా ఏమీ లేకపోయినా వెచ్చగా ఉన్నట్టే అనిపించింది దైవాశీర్వాదానికి. ఆ దేశం వచ్చాక తనకంటూ ఒకరు ఓపిగ్గా నేర్పిన విద్య అదొక్కటే.

ఇక అప్పట్నుంచీ ప్రూయిట్ ఇంటికి వెళ్తే వట్టి చేతుల్తో వెళ్ళేవాడు కాదు. మనవాళ్ళకి అది రక్తంలోనే ఉంది కదా. ఇంకొకరైతే అరటిపళ్ళో స్వీట్లో పట్టుకెళ్తారు. ఇతను తన చేత్తో చేసిన తూటాల పెట్టె పట్టుకెళ్ళేవాడు. ప్రూయిట్ రెండు చేతుల్తో అందుకుని, మూత తీసి ఒకటి పైకెత్తి చూసి, "నీట్ వర్క్, డేవ్" అనేవాడు. ఆ మూడు మాటల కోసం ఇతను వారమంతా గరాజ్‌లో తలవంచుకుని కూర్చునేవాడు.

ఆ శుక్రవారం సాయంత్రం ఇంట్లో గృహప్రార్థన. తెలుగు కుటుంబాలన్నీ కలిపినా ఒక హాలుకి సరిపోయే రోజులవి. అందరూ ఏడింటికి వస్తారనుకుంటే, డర్హమ్ నుంచి సంఘపెద్ద సుందర్ రాజ్ గారు ముందే దిగారు. దైవాశీర్వాదం అప్పటికి గరాజ్‌లో ట్రే నిండా ఖాళీ కేసులు నిలబెట్టి, చిన్న గరాటుతో ఒక్కొక్క దాంట్లో పౌడర్ పోసుకుంటూ వస్తున్నాడు. ఆదివారం ప్రూయిట్‌కి తుపాకులు కాల్చే రేంజ్‌లో గురి పోటీ ఉంది, ఆ పెట్టె దానికోసమే.

ఇక్కడొక మాట చెప్పాలి. ప్రూయిట్ రివాల్వర్ తూటాకి పట్టే పౌడర్ చిటికెడు. కేసులో సగం కూడా నిండదు. పొరపాటున అదే కేసులో రెండోసారి పోసినా పైకి పొర్లదు. బుల్లెట్ బిగించాక బయటినుంచి దేవుడికి తప్ప ఎవరికీ తెలీదు. పేలితే మాత్రం రివాల్వర్ చేతిలోనే పగులుతుంది. అందుకని దైవాశీర్వాదం పద్ధతిగా, పోయడం అయిన ప్రతిసారీ గరాటుని తర్వాతి ఖాళీ కేసు మీద బోర్లించి ఉంచేవాడు. చివర్లో టార్చిలైటు వేసి ట్రే మొత్తం చూసేవాడు.

"ప్రార్థన చేసుకుందామమ్మా" అని లోపల సుందర్ రాజ్ గారి గొంతు వినిపించింది. ఆ మాట వినపడ్డాక చేతిలో పని చేస్తూ ఉండటం దైవాశీర్వాదానికి చిన్నప్పట్నుంచీ చేతకాదు. వాళ్ళింట్లో పొయ్యిమీద అన్నం మాడినా సరే, ఆమేన్ అనేదాకా గరిటె తిప్పేవాళ్ళు కారు. లేచి గరాజ్ గుమ్మంలో తలవంచి కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. సుందర్ రాజ్ గారి ప్రార్థన ఎంత పొడుగో అందరికీ తెలుసు. ఆయన ఇండియాతో మొదలుపెట్టి వీసాల మీదుగా వచ్చి, నర్సింగ్ పరీక్ష రాస్తున్న సుమతి దాకా ఎవర్నీ వదలరు. అయ్యాక దైవాశీర్వాదం తిరిగొచ్చి మిగతా కేసుల్లో పోశాడు. ఈలోగా మిగతావాళ్ళూ వచ్చేశారు, లోపల్నుంచి దేవకుమారి "అందరూ కూర్చున్నారండీ, వడ్డించేస్తున్నా" అంటోంది. గబగబా బుల్లెట్లు బిగించి, పెట్టెలో సర్ది, చేతులు కడుక్కుని వెళ్ళాడు. శనివారం పొద్దున్నే పెట్టె ప్రూయిట్ చేతిలో పెట్టాడు.

"నీట్ వర్క్, డేవ్."

ఆదివారం మధ్యాహ్నం, అమెరికన్లు ఖాళీ చేశాక అద్దెకిచ్చిన చర్చి హాల్లో తెలుగు ఆరాధన. ప్రార్థనకి అందరూ లేచారు. దైవాశీర్వాదం కళ్ళు మూసుకున్నాడు. చేతులు కట్టుకోబోతే, కుడిచేతి వేళ్ళు దేన్నో పట్టుకున్నట్టు ముడుచుకున్నాయి. శుక్రవారం కూడా ఇలాగే నిలబడ్డాడు. అప్పుడు చేతిలో ఏదో ఉంది.

గరాటు.

గరాటు ట్రే మీద పెట్టలేదు. చేత్తో పట్టుకునే లేచొచ్చాడు. తిరిగొచ్చి ఏ కేసు దగ్గర మొదలుపెట్టాడు? అందాజుగా. టార్చి వేశాడా? వెయ్యలేదు. ఆమేన్ కోసం ఆగలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచి, కుర్చీలు తప్పించుకుంటూ బయటికి నడిచాడు. దేవకుమారి ఒక కన్ను తెరిచి చూసి, గుండెనొప్పేమోనని వెనకే పరిగెత్తింది.

ఆఫీసు గదిలో ఫోను. ప్రూయిట్ భార్య ఎత్తింది. "ఆయన రేంజ్‌కి వెళ్ళి చాలాసేపైంది, హనీ."

"ఏమైందండీ? చెప్పండి!"

"ఆయన చెయ్యి పోతుంది దేవీ. నా వల్ల."

ఇంకేం అడక్కుండా కారు తాళాలు అతని చేతిలో పెట్టిందావిడ.

పైన్ చెట్ల మధ్య మట్టిరోడ్డు ఎక్కేసరికి కాల్పులు వినిపిస్తున్నాయి. ఒక్కో చప్పుడుకీ అతని ఒళ్ళు ఉలిక్కిపడుతోంది. ఇదేనా? ఇదేనా? కారు తలుపు కూడా వెయ్యకుండా, చర్చికి వేసుకున్న కోటుతో, ఆపండి ఆపండి అని అరుస్తూ పరిగెత్తాడు. చేతుల్లో తుపాకులున్న మనుషులందరూ ఒక్కసారి వెనక్కి తిరిగి ఈ నల్లటి మనిషిని చూశారు. ఒకడు తిట్టాడు. వాళ్ళు తననే కాల్చేసి ఉండొచ్చన్న భయం అతనికి తర్వాతెప్పుడో పట్టింది. అప్పుడు మాత్రం ప్రూయిట్ చేతులు తప్ప ఏమీ కనిపించలేదు. రెండు చేతులూ ఉన్నాయి.

"సర్, నేనిచ్చినవి కాల్చకండి! ఒకదాంట్లో డబుల్ పడి ఉంటుంది!"

ప్రూయిట్ రివాల్వర్ ఖాళీ చేసి బల్లమీద పెట్టాడు. చప్పుడు వినపడకుండా చెవులకి పెట్టుకున్నవి తీశాడు. "అవి ఇంట్లో ఉన్నాయి, డేవ్. పద వెళ్దాం" అన్నాడు. పోటీ సగంలోనే వదిలేశాడు.

బేస్‌మెంట్‌లో, ప్రెస్ వెనకున్న అల్మారా తలుపు తీసి నిన్నటి పెట్టె అందుకున్నాడు ప్రూయిట్. దైవాశీర్వాదం ఆ అల్మారాలోకి చూశాడు. ఆ ఏడాది తను తెచ్చిన పెట్టెలన్నీ ఉన్నాయి. వరసగా, దుమ్ము తుడిచి, ఒక్కటి కూడా తగ్గకుండా.

"ఒక్కటీ కాల్చలేదా?"

"ఇంకొకరు లోడ్ చేసినవి నేను కాల్చను. మా తమ్ముడివైనా సరే."

"మరి తీసుకున్నారెందుకు?"

"నువ్వు తెచ్చావు" అన్నాడు ప్రూయిట్. పెట్టె బల్లమీద పెడుతూ, "నీ మొహం చూస్తే వద్దనాలనిపించేది కాదు" అన్నాడు.

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. తూటాని ప్లాస్టిక్ సుత్తిలాంటి దాంట్లో బిగించి చెక్కమీద కొడితే, బుల్లెట్, పౌడర్ విడివిడిగా రాలతాయి. ఒక్కొక్కటీ విప్పి, రాలిన పౌడర్ తెల్లకాగితం మీద పోస్తున్నారు. చిటికెడు. చిటికెడు. మళ్ళీ చిటికెడు. దైవాశీర్వాదం లోలోపల దేవుణ్ణి రెండు విధాలుగా వేడుకుంటున్నాడు. అది దొరకాలి, లేకపోతే ఈ అనుమానం జన్మలో వదలదు. అది దొరక్కూడదు, దొరికితే ఈయన ముందు తలెత్తుకోలేను. సగం పెట్టె అయ్యేసరికి ఒక తూటాలోంచి రాలిన పౌడర్ కాగితం మీద కుప్పగా నిలిచింది. త్రాసులో పెట్టనక్కర్లేదు. పక్కవాటికి రెట్టింపు.

ప్రూయిట్ సుత్తి పక్కన పెట్టాడు.

ఆయన తనని నమ్మి ఉంటే ఈపాటికి ఆసుపత్రిలో ఉండేవాడు. నమ్మకపోవడం వల్ల బతికాడు. ఇందుకు సంతోషించాలి, మోకాళ్ళ మీద పడి స్తోత్రం చెప్పాలి. చెబుతాడు కూడా, ఇంటికెళ్ళి. కానీ ఇప్పుడు చెవుల్లో మోగుతున్నది స్తోత్రం కాదు. వారం వారం విన్న ఆ మూడు మాటలు. సిగ్గూ ఉంది, కోపమూ ఉంది. ఆ కోపం మీద తనకే హక్కూ లేదన్న సంగతీ తెలుసు. అందుకే అది ఇంకా మండింది.

"మొదట్లో ఆ చలికాలమంతా మీరు చేసినవే నాకిచ్చారు కదండీ, కాల్చమని" అన్నాడు దైవాశీర్వాదం. "నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు."

ప్రూయిట్ పొడుగాటి వేళ్ళతో ఆ కుప్పని పోగుచేసి డబ్బాలో పోశాడు.

"నువ్వూ ఆలోచించాల్సింది" అన్నాడు చివరికి, మెల్లగా, తలెత్తకుండా.