పందిరికెక్కిన జీడిమామిడి

నేను కల్లూరు పిల్లని. మా పుట్టింటి వైపు పొలంలో ఏ మొక్క చూసినా పక్క మొక్కలాగే ఉంటుంది. పెళ్లయి భద్రాచలం అడవి అంచున ఉన్న ఈ ఊరికి వచ్చాక, అత్తమ్మ జీడిమామిడి తోట చూసి బిత్తరపోయాను. పెద్ద గింజలు కాసే ఒకే ఒక్క చెట్టు కింద రాలినవి ఏరుకొచ్చి, అన్నీ ఆమే నాటిందట. తీరా చూస్తే ఒకదానికి ఎర్రపండు, ఇంకొకదానికి పచ్చపండు. ఒకదాని గింజ బొటనవేలంత, పక్కదానిది చింతగింజ కన్నా కాస్త నయం.

“ఒక్క తల్లి పిల్లలే గదా, గిట్లెందుకు పుట్టినయో!” అని అత్తమ్మ విసుక్కునేది. ఆమె కొడుకుల్లో ఒకరి పోలిక ఒకరికి లేదన్న సంగతి నేను గుర్తుచేయలేదు. కోడలికి కొన్ని హద్దులుంటాయి.

అన్నింటిలోకీ అధ్వానం గేటు పక్క చెట్టు. పొట్టిది, వంకరది, కొమ్మలు నేలకు ఈడుస్తూ ఉంటుంది. మిగతావి కాయలు దింపుకునే వేళకు ఇది తీరిగ్గా పూత మొదలుపెట్టేది. దాన్ని మేం సోమరిది అని పిలిచేవాళ్లం.

కిందటేడు మా ఆయన తోట కొట్టించాలని తీర్మానించాడు. “ఊరంత పామాయిల్ ఏసిండ్రు. మనమే గీ కలగూరగంప పట్టుకొని కూసున్నం.” ఎండాకాలమంతా ఆ నీడలో అత్తమ్మా నేనూ గింజలు కాల్చి, కొట్టుకుంటూ, ఊళ్లో అందరినీ ఆడిపోసుకున్న తోట అది. బతిమాలాను, అలిగాను. అదే సమయంలో జీడిమామిడిలో కొత్త రకాలు తయారుచేసే సారొకాయన, గింజతో పెరిగిన తోటలు చూడడానికి ఇటువైపు వస్తున్నాడని తెలిసింది.

“సారు ఒక్క చెట్టన్న పనికొస్తదంటే తోట ఉంచుదం. లేకుంటే లేదు” అన్నాడు మా ఆయన.

ఇక ఇంట్లో పెళ్లిచూపుల హడావుడి. తోటలో బొటనవేలంత గింజలు కాసే చెట్టు మొదలుకు సున్నం వేశాం. కింద ఊడ్చి కళ్లాపి చల్లాం. గేటు దగ్గర నిలబడి అత్తమ్మ మొహం చిట్లించింది. “అడుగుపెట్టంగనే గీ సోమరిది కనబడితే, సారు అటే ఎనకకు తిరిగిపోతడు.”

సారు వచ్చే ముందు రోజు దాన్ని కొట్టేశారు. కొమ్మలు వృథా చేయడమెందుకని మా ఆయన వాటితో పందిరి వేశాడు, సారు నీడన కూర్చుని చాయ్ తాగడానికి.

సారు వచ్చాడు. సున్నం వేసిన చెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, “గింజ పెద్దదేగానీ కాపు తక్కువ” అన్నాడు. ఆ ఏడు పూత రసం పీల్చే టీ దోమ పడి, ఏ చెట్టు చూసినా పూత నల్లగా మాడి ఉంది. ఆయన రాసుకున్నది తక్కువ, నిట్టూర్చింది ఎక్కువ. మా ఆయన నా వైపు చూసిన చూపులో పామాయిల్ మొక్కలు అప్పుడే వరసలుగా నిలబడి ఉన్నాయి.

పందిరి కింద కూర్చుని, చాయ్ గ్లాసు అందుకుని సారు పైకి చూశాడు. గ్లాసు కింద పెట్టి, కుర్చీ ఎక్కి ఒక రెమ్మ వంచాడు. వాడిందిగానీ, పూతకు ఒక్క మచ్చ లేదు.

“ఈ కొమ్మలు ఏ చెట్టువి?”

మా ఆయన గేటు వైపు చూశాడు.

“దోమ ఉధృతి తగ్గాక పూసే చెట్టు, అదీ పొట్టిది. దీనికోసమే తిరుగుతున్నామమ్మా. అంటుమొక్కల తోటలో అన్నీ ఒక్కలాగే ఉంటాయి, అక్కడ మాకేం దొరుకుతుంది? ఇలాంటిది గింజ తోటలోనే పుడుతుంది. చెట్టు చూపించండి.”

అత్తమ్మ పందిరి గుంజ పట్టుకుని, “మీరు దాని కిందనే కూసున్నరు సారూ” అంది.

వాడిన ఆ కొమ్మలు అంటు కట్టడానికి పనికిరావని, మోడు చిగురిస్తే కబురు చేయమని చెప్పి ఆయన వెళ్లిపోయాడు. ఏనాడూ ఒక చెంబు నీళ్లు పోయని ఆ చెట్టు మోడుకు అత్తమ్మ ముళ్లకంచె కట్టింది. పొద్దున్నే లేచి దాని దగ్గర కూర్చునేది. “తప్పయింది తల్లీ, లెవ్వు” అనేది. మొదట నవ్వొచ్చింది. రోజులు గడిచేకొద్దీ నవ్వు పోయి భయం పట్టుకుంది.

వానలు పడ్డాక ఎర్రటి చిగురొకటి తొంగిచూసింది. అత్తమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. మా ఆయన పామాయిల్ మాట మళ్లీ ఎత్తలేదు.

తోట ఉంది. గొడ్డలి మాత్రం లేదు. అత్తమ్మ దాన్ని ఎక్కడ దాచిందో ఇప్పటికీ చెప్పదు. పొయ్యిలోకి కట్టెలు చీల్చాలంటే మేం పక్కింటికి వెళ్లి అడుక్కోవాల్సిందే.