సిరిసిల్లలో ఆగిపోయిన నవల

మొన్న మా మేనకోడలు తాను చదివిన టీనేజీ నవల గురించి ఫోన్‌లో నాలుగు మాటలు పెట్టగానే, ఎక్కడెక్కడి పిల్లలో గుండె బొమ్మలు కురిపిస్తుంటే, పక్కనే కూర్చున్న నాకు సంతోషం కలగాలి కదా, కుళ్ళు పుట్టింది. ఈ కుళ్ళు నాకు కొత్త కాదు, ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజుల నాటిది.

అప్పుడు నేను జగిత్యాలలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు పంతులమ్మను. నలభైకి దగ్గరపడినా పదహారేళ్ళ పిల్లల నవలలంటే పడి చచ్చేదాన్ని. స్టాఫ్ రూములో చెబితే నవ్వుతారని, బడి వదలగానే నెట్ సెంటర్లో కూర్చుని, అదే పిచ్చి ఉన్న పాఠకుల గుంపులో పంచుకునేదాన్ని. మీకూ గుర్తుండే ఉంటుంది, ఆ కీబోర్డు మీద నాలుగు తెలుగు వాక్యాలు పడేసరికి చాయ్ చల్లారిపోయేది. సిరిసిల్లలో ఉండే మా చిన్నమ్మ కూతురిని ఆ గుంపులో చేర్పించింది కూడా నేనే.

ఒకసారి హైదరాబాదులో నాకొక నవల దొరికింది, ఇల్లు విడిచి వెళ్ళిన అమ్మాయి కథ. గుంపులో ఇంకెవరి దగ్గరా లేదు. చదివినంత మేర ఊరిస్తూ రాస్తుంటే, గుంటూరు వైపు పెద్దావిడ ఒకరు తరువాతేమైందని రోజూ అడిగేది. ఆమె అలా అడగడం నాకెంత గొప్పగా ఉండేదో చెప్పలేను. సగం చదివాక కోరుట్లలో పెళ్ళికి వెళితే, సిరిసిల్ల నుంచి వచ్చిన ఆ చెల్లెలు నా సంచిలో ఆ పుస్తకం చూసి, చదివి వెంటనే పంపిస్తానంది. నలుగురి ముందు కాదనలేక ఇచ్చేశాను. మర్నాటి నుంచి బస్సులు బంద్.

రాష్ట్రం కోసం అందరితో పాటు నేనూ రోడ్డు మీద వంటావార్పులో కూర్చున్నాను గానీ, మనసంతా సిరిసిల్లలోనే. ఫోన్ చేస్తే, “నీ పుస్తకం పైలంగనే ఉన్నదక్కా, బస్సులు నడవంగనే పంపుత. గా ఆఖర్ల మస్తు ఏడ్సిన,” అంది.

ఏడిస్తే ఏడ్చింది, ఆ ఏడుపు తీసుకెళ్ళి గుంపులో పెట్టింది. సగం షట్టర్ దించిన నెట్ సెంటర్లోకి వంగి దూరి చూద్దును కదా, ముగింపంతా రాసేసింది, అదీ మా ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో: “గా పిల్ల మర్లచ్చింది గని, ఇల్లే గా పిల్లను గుర్తు వట్టలే.” నేనేమో పాఠ్యపుస్తకంలా రాసేదాన్ని. బయట ప్రాంతాల పేరిట అంత రగడ జరుగుతుంటే, ఆ గుంటూరు పెద్దావిడ మా చెల్లెలి మాటలు మళ్ళీ మళ్ళీ చదువుకున్నానని రాసింది. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు. నా కడుపు భగ్గుమంది.

బస్సులు నడిచాయి, పుస్తకం వచ్చింది, తరువాత రాష్ట్రమూ వచ్చింది. ఆ గుంపు ఎప్పుడు మూతబడిందో తెలియనే లేదు. ఇప్పుడేం చదువుతున్నావని చెల్లెలిని అడిగితే, “ఇంకేడ సదువుడక్కా, కండ్లు గుంజుతున్నయి,” అని నవ్వేసింది. ఇప్పుడు ఏ నవలైనా కోరిన క్షణంలో నా ఫోన్‌లోకి దిగుతోంది, ఎవరికీ ఇవ్వనక్కరలేదు, మా వాళ్ళందరిలో ముగింపు ముందు తెలిసేది నాకే. చివరి పేజీ తిప్పి ఫోన్ పక్కన పెట్టేస్తాను. మేనకోడలికి దాని గుంపు ఉంది; నేను చదివిందే చదివి, నాకన్నా బాగా చెప్పి నా కడుపు మండించేవాళ్ళు నాకు ఒక్కరూ మిగల్లేదు.