దూకింది కారు, కాలింది జీపు

నిన్న ఫోన్‌లో ఓ పాత సీరియల్ ముక్క కనిపించింది. ఘాట్ రోడ్డు మీద హీరో తెల్ల కారు గాల్లోకి ఎగిరి లోయలో పడుతుంది. కానీ లోయలో కాలిపోయేది నీలం జీపు. కామెంట్లలో అందరూ నవ్వుతున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మీకు గుర్తుందా, చిన్నప్పుడు ఆదివారం ఎదురింటి టీవీ ముందు చాపల మీద ఇరుక్కుని కూర్చోవడం? ఈ సీరియల్ నేను చూసింది అక్కడే. తీసేవాళ్ళు పొరపాటు చేస్తారని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. చూపించారంటే జరిగినట్టే. మరుసటి వారం హీరో చొక్కా నలగకుండా ఇంటికొచ్చాడు. మా అవ్వ చెంపలేసుకుంది.

"స్వామి కాపాడినాడు. ఆ గండం జీపోడికి పోయుండాది."

మా నాయన తిరుపతి నుంచి కొండకు జీపు తోలేవాడు. ఎవరో మలుపు తప్పితే కాలిపోయేది నాయనే అనుకున్నాను. సాయంత్రం ఆయన రాగానే కాళ్ళు పట్టుకుని ఏడ్చాను.

"రేపు పోవద్దు నాయనా. ఎవురో పడితే నువ్వు కాలిపోతావు."

"ఎవురు సెప్పినారు పాపా నీకు?" అని నవ్వాడు.

అవ్వ సీరియల్ సంగతంతా చెప్పింది. నాయన నవ్వు ఆగిపోయింది.

"మా, ఆ జీపులో ఎవురుండారో సూపించినారా?"

"లేదప్పా."

మరునాడు పొద్దున జీపు ఎక్కబోయి నాయన వెనక్కొచ్చాడు. దిష్టి తీయమని తనే అవ్వను అడిగాడు. అవ్వ ఉప్పూ మిరపకాయలూ తిప్పుతున్నంతసేపూ గట్టిగా కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. నాయనకూ భయమేస్తుందని నాకు తెలిసింది అప్పుడే.