డిపార్ట్‌మెంట్ రెండైన ఏడాది

ఆ రోజుల్లో తార్నాకలో కొత్త మనిషి కనిపిస్తే ఊరూ పేరూ తర్వాత, ముందు "ఏ డిపార్ట్‌మెంట్?" అని అడిగేవారు. లాలాగూడ నుంచి వచ్చేవాళ్లకు ఆ మాటకు రైల్వే అని ఒక్కటే అర్థం. మా ఇంటి ఓనరు తమ్ముడు "డిపార్ట్‌మెంట్ల చేరిండు" అంటే పోలీసుల్లో చేరాడని. మా బాపుకు మాత్రం అది స్పిరిట్ వాసన వేసే నాలుగు గదులు, ఒక వరండా. యూనివర్సిటీలో ఒక సైన్సు డిపార్ట్‌మెంటులో ఆయన అటెండరు. "ఇయ్యాల డిపార్ట్‌మెంట్ గరం మీదున్నది" అన్నాడంటే హెడ్డు గారికి కోపం వచ్చిందన్నమాట.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. చదువు మాత్రం మానలేదు. బాపును ఎరిగినవాళ్లు కనుక లైబ్రరీలో నన్ను ఓ మూల కూర్చోనిచ్చేవారు. అక్కడి పెద్ద నిఘంటువును నిలబడే చదవాలి. డిపార్ట్‌మెంట్ అనే మాట ఫ్రెంచి నుంచి వచ్చిందనీ, భాగాలు చేయడమనే అర్థం దాని మూలంలో ఉందనీ, ఫ్రాన్సులో జిల్లాల్లాంటి వాటినీ అలాగే పిలుస్తారనీ అందులో తెలుసుకున్నాను. మన పత్రికలు 'శాఖ' అంటాయి. నాకు 'విభాగం' నచ్చింది. శాఖ చెట్టుకు తనంతట తాను మొలుస్తుంది, విభాగాన్ని ఎవరో ఒకరు కోయాలి. ఆ రాత్రి అన్నాల దగ్గర గర్వంగా ఇదంతా చెప్పాను.

"కోసుడేంది బిడ్డా, బువ్వ పెట్టేదాన్ని?" అని నవ్వాడు బాపు.

ఆ ఏడాదే ఆయన డిపార్ట్‌మెంటును రెండు చేశారు. అన్నదమ్ములు వేరుపడ్డట్టే బీరువాలు, స్టూళ్లు, సీసాలు పంచుకున్నారు. అటెండర్లనూ పంచుకోవాలి. ఎవరూ తీసుకోని మనిషిని ఆఫీసువాళ్లు హాస్టల్ గేటు దగ్గర రాత్రి కాపలాకు పంపుతారని అందరికీ తెలుసు. బాపుకు ఆయాసం. చలిలో రాత్రంతా బయట కూర్చోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

పాత హెడ్డు గారు పిలిచి, "నా దగ్గర్నే ఉంటవా, అటు పోతవా?" అని అడిగారట. "మీ ఇష్టం సార్" అన్నాడు బాపు. కొత్త డిపార్ట్‌మెంటుకు హెడ్డు అయినాయన కోస్తా వారు. "ఏమయ్యా, మా వైపు వచ్చేస్తావా?" అన్నారట. "తమరి దయ సార్" అన్నాడు.

తోటి అటెండరు మా పక్క గదిలోనే ఉండేవాడు. ఇది విని తల కొట్టుకున్నాడు.

"పెండ్లిపిల్ల లెక్క తల దించుకుంటే ఎట్లనే? నేనైతే గీడనే ఉంటనని పాత సారు కాళ్లు పట్టుకున్న. సిగ్గువడితే జీతమిస్తరా?"

"ఒక సారుకు ఉంటనంటే ఇంకో సారును వద్దన్నట్టే గద. గా మాట నా నోటెంట ఎట్ల రావాలె?"

"నీ మర్యాద నిన్ను గేటుకాడ కూసోవెడ్తది, చూడు."

అదే జరిగింది. బాపు మనసు అవతలివైపు ఉందని ఇద్దరూ అనుకున్నారు. ఇద్దరూ వదిలేశారు. హాస్టల్‌కు వేస్తూ ఆర్డరు వచ్చింది. వెళ్లి అడగమని అమ్మ ఏడ్చింది. "ఒకల్ని అడిగితే ఇంకొకలు నన్ను ఇడిసిపెట్టిండ్రని చెప్పినట్టయితది" అని బాపు కదల్లేదు.

చివరికి నేనే పాత హెడ్డు గారి గది ముందు నిలబడ్డాను. ఆయన నిజంగానే బాధపడ్డారు.

"అరే, అటే పోతడనుకున్న గదమ్మా! ముంగటనే ఒక్క మాట చెప్పొద్దా? ఇప్పుడు నా దగ్గర జాగ లేదు."

కొత్త హెడ్డు గారు కూడా దాదాపు అదే మాట, తన యాసలో, అన్నారు. ఇంటిదాకా ఏడుస్తూనే నడిచాను.

చలికాలం వచ్చింది. పొద్దున్నే బాపు వచ్చి, మఫ్లరు తీయకుండానే గోడకు ఆనుకుని కూర్చునేవాడు. ఆయన ఊపిరిలో గురక లాంటి చప్పుడు పక్క గదికి వినిపించేది. ఆ సార్లలో ఒక్కరైనా కనిపించారా అని అమ్మ రోజూ అడిగేది. బాపు చెయ్యెత్తి ఆగమనేవాడు. ఊపిరి అందేదాకా మేం ఆయన ముఖం చూస్తూ ఉండేవాళ్లం.

"ఇద్దరు గూడ కనవడ్డరు. పొద్దుగాల గేటు ముంగట్నుంచే షికారుకు పోతరు గద. లేశి ఇద్దరికి నమస్తే పెట్టిన" అనేవాడు.