మైకుసెట్టు జయపాల్ మారుమనసు

పాలకుర్తి చుట్టుపక్కల ఊళ్లలో మారుమనసు గురించి జయపాల్ విన్నన్ని ప్రసంగాలు ఏ పాస్టరూ విని ఉండడు. అతనిది మైకుసెట్టు. సువార్త సభ ఎక్కడ జరిగినా స్టేజీ పక్కన కుర్చీ వేసుకుని ఆంప్లిఫయర్ ముందు కూర్చునేవాడు. ప్రసంగించే మనిషి గొంతు ఎక్కడ వణుకుతుందో, జనం ఎక్కడ కళ్లు తుడుచుకుంటారో అతనికి ముందే తెలుసు. "తిరిగి రండి" అనే మాట రాబోతుంటే ఎకో కొంచెం పెంచేవాడు. మాటలు మాత్రం వైర్లలోంచి బాక్సుల్లోకి, బాక్సుల్లోంచి జనంలోకి పోయేవి. దారిలో అతని దగ్గర ఆగేవి కావు.

అతను పుట్టుకతో క్రైస్తవుడు. భార్య సరోజ శుక్రవారం ఉపవాస ప్రార్థన ఏనాడూ తప్పిన మనిషి కాదు. జయపాల్ మాత్రం పెళ్లికీ, దినానికీ, వినాయకుడికీ, సువార్త సభకూ ఒకే సెట్టు పెట్టేవాడు. బాక్సులకు కులమతాలు లేవనేవాడు. కిరాయి మాత్రం పండుగను బట్టి మారేది.

సామాను మోసేదీ, ట్రాక్టరు నడిపేదీ పక్క తండా హీర్యా. జయపాల్ కంటే చిన్నవాడు, మితభాషి. ఒక చాయ్ తెప్పించుకుని ఇద్దరూ సగం సగం పోసుకునేంత చనువు వాళ్లది.

ఆ చనువు తండాలో జరిగిన ఒక పెళ్లితో తెగింది. పెళ్లివాళ్లు పోసిన సారాను జయపాల్ కాదనలేకపోయాడు. బాప్తిస్మం తీసుకున్ననాడే తాగుడు మానేశానని సరోజకు చెప్పి ఉన్నాడు. తండాలో తాగింది ఊళ్లో తాగినట్టు కాదని తనకు తాను చెప్పుకున్నాడు. తెల్లారి సామాను దించుతుంటే ఆంప్లిఫయర్ కనబడలేదు.

"నేను ఎక్కించేటప్పుడే లేకుండె అన్నా. నువ్వే పట్టుకున్నవేమో అనుకున్న" అన్నాడు హీర్యా.

జయపాల్ పెద్దమనుషుల్లో పెట్టాడు. సామాను ముట్టింది హీర్యా ఒక్కడేనని చెప్పాడు. అంతటితో ఆగలేదు. ఆటోకు హారన్ కట్టి, అరువు తెచ్చిన మైకులో ఊరంతా తిరిగాడు. "నా మిషిను తీసినోడెవడో నాకు ఎర్కే. మర్యాదగ తెచ్చిస్తె కేసు పెట్ట." పేరు చెప్పలేదు. తండా ముందు మాత్రం ఆటోను చాలాసేపు ఆపాడు.

కేసు కాలేదు. అంతకంటే పెద్దదే అయింది. హీర్యాను ట్రాక్టరు పనికి పిలిచేవాళ్లు లేకుండా పోయారు. పెళ్లిలో భోజనానికి కూర్చుంటే వంటవాళ్లు గిన్నెలు దగ్గరికి జరుపుకునేవారు. కొన్నాళ్లు చూసి అతను కేసముద్రం మార్కెట్‌లో హమాలీ పనికి పోయాడు. భార్య సోమ్లీ తండాలోనే ఉండి నాట్లకూ, పత్తి ఏరడానికీ పోయేది.

ఆ ఏడు వానాకాలంలో జయపాల్ దేవరుప్పుల వెళ్లినప్పుడు రిపేరు షాపు వెంకట్రాం పిలిచాడు.

"ఏందే జయపాలూ, నీ మిషిను ఎప్పుడు తీస్కపోతవ్? ఈడ జాగ లేదు."

"ఏ మిషిను?"

"గా పెండ్లి నాడు ఆటోల పంపితివి గద. గురగురమంటుందని ఫోన్ గూడ చేస్తివి. తొందర లేదంటివని నేను ఊకున్న. జర తాగి ఉన్నట్టుంటివి."

జయపాల్ మిషిను తీసుకుని ఇంటికి వచ్చాడు. హీర్యా దగ్గరికి పోవాలనే అనుకున్నాడు. పోతే సారా సంగతి సరోజకు తెలుస్తుంది. పెద్దమనుషుల ముందు తల దించుకోవాలి. పత్తి అయిపోయాక పోదామనుకున్నాడు. ఈలోగా ఎందుకైనా మంచిదని డబ్బాకు నీలం రంగు వేశాడు. కొత్తది కొన్నానన్నాడు. సరోజ సంతోషించి, చర్చిలో దానిమీద ప్రార్థన చేయించింది.

పత్తి చాలాసార్లు వచ్చింది, అయిపోయింది. నీలం మిషిను బాగా పనిచేసింది. మారుమనసు సభలన్నీ దాంట్లోంచే జరిగాయి.

ఒక ఆదివారం సోమ్లీ చర్చికి వచ్చింది. ఆమె ఆ దేవుణ్ని కొలిచే మనిషి కాదు. ఇక్కడ ప్రార్థన చేస్తే పనులవుతాయని కూలికి వచ్చే ఆడవాళ్లు చెప్పారు. పాస్టరు మధుకర్ ఊరికి కొత్త. పాత సంగతి తెలియక మైకు ఆమె చేతికిచ్చాడు.

"అయ్యగారూ, మా ఆయన దొంగ కాదు" అంది సోమ్లీ. "ఊరు మాత్రం దొంగనే అన్నది. జయపాలన్న మిషిను తీసినోడు దొర్కాలని మీ దేవునికి చెప్పుర్రి."

అందరూ జయపాల్ వైపు జాలిగా చూశారు. పోయింది అతని సొమ్మే కదా. దాచిన దాన్ని బయటపెట్టమని మధుకర్ గట్టిగా ప్రార్థించాడు. నీలం మిషిను ఆ ప్రార్థనను వీధి చివరిదాకా వినిపించింది. జయపాల్ ఆమేన్ అన్నాడు. అనకపోతే బాగుండదు.

ఆ రోజు నుంచి శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అదొక అంశమైంది. పంటలు, జబ్బులు, చదువులు, ఆ తరవాత జయపాల్ మిషిను దొంగ. ఆ ఆడవాళ్లు మొదలుపెట్టిన ప్రార్థనను వదిలే రకం కాదు. ముందు సరోజే ఎత్తుకునేది. జయపాల్‌కు అన్నం సహించడం మానేసింది. జనగామలో సభ జరిగితే, పాపులు చెయ్యి ఎత్తమన్నప్పుడు ఎత్తాడు. నిజంగానే ఏడ్చాడు. ఏడుస్తూనే రెండో చేత్తో ఎకో సరిచేశాడు. ఇంటికొచ్చేటప్పుడు మనసు తేలికగా ఉంది. ఆ తేలిక శుక్రవారం దాకా ఉంది.

చివరికి చర్చిలో వైరు సరిచేసే నెపంతో మధుకర్ దగ్గర కూర్చున్నాడు.

"అయ్యగారూ, ఒకడు తప్పు చేసిండు అనుకోర్రి. దేవుని ముందట ఏడ్చిండు. దేవుడు మన్నిస్తడు గద?"

"మన్నిస్తడు."

"మరైతే ఇంక వేరే ఏం చేసుడెందుకు?"

మధుకర్ వైరు చుట్ట పక్కకు జరిపాడు. "దేవరుప్పుల పోవాల్సినోడు కేసముద్రం ఆటో ఎక్కిండు అనుకో అన్నా. సగం దూరం పోయినంక ఎర్కయ్యింది. ఆటోల కూసోని ఏడిస్తె దేవరుప్పుల వస్తదా? దిగాలె. మర్లి రావాలె. మారుమనసు అంటె గదే, మర్లుడు. ఏడుపు వస్తె రానియ్యి, రాకుంటె లేదు."

"కిరాయి దండుగ గద."

"దండుగే. ప్రభువును పట్టిచ్చిన యూదా గూడ పశ్చాత్తాపపడ్డడు, పైసలు గూడ వాపసు ఇచ్చిండు. గని యాజకుల దిక్కు పోయిండు. పోవాల్సింది ప్రభువు దగ్గరికి. పేతురు గూడ ప్రభువు ఎవరో ఎర్క లేదని బొంకిండు. ఆయన మర్లొచ్చిండు. గంతే ఫరక్."

"మన్నింపు ఊకెనే దొరుకుతది అంటరు మల్ల."

"ఊకెనే దొరుకుతది. తీస్కునేటానికి చెయ్యి ఖాళీగ ఉండాలె గద అన్నా. మనతోని మనోని మనసు నొచ్చిందని యాదికొస్తె, తెచ్చిన కానుక బలిపీఠం ముందట్నే ఇడిసిపెట్టి, ముందుగాల ఆయన దగ్గరికి పొమ్మన్నడు ప్రభువు. కానుక యాడికి పోదు, ఈడనే ఉంటది." మధుకర్ ఆగి అడిగాడు. "ఎవరన్నా గా ఒకడు?"

"మీకు ఎర్కలేడు" అని జయపాల్ లేచాడు. వైరు సరిచేయడం మర్చిపోయాడు.

ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని సరోజకు మొత్తం చెప్పాడు. ఆమె వినీ వినీ కూర గిన్నె పక్కకు పెట్టింది.

"తాగుడు సంగతి నాకు గా దినమే ఎర్కే" అంది. "మిషిను సంగతి ఎర్క లేదు. గా డబ్బకు ప్రార్థన చేయించింది నేను." తెల్లారి ఆమే అతని చొక్కా ఇస్త్రీ చేసి పెట్టింది.

కేసముద్రం మార్కెట్‌లో హీర్యా లారీకి పత్తి ఎక్కిస్తున్నాడు. మనిషి నల్లబడ్డాడు. జయపాల్‌ను చూసి, ఎత్తిన బస్తా దించకుండానే లారీలో వేసి వచ్చాడు.

"హీర్యా, మిషిను దొర్కింది."

"ఎప్పుడు?"

జయపాల్‌కు అబద్ధం నోటిదాకా వచ్చింది. మింగాడు. "చానేండ్లయింది. నువ్వు ఈడికి వచ్చిన ఏడాదే. నేనే తాగి రిపేరుకు పంపిన. దొర్కినంక చెప్పలే. రంగేసి వాడుకున్న. తప్పు నాది."

హీర్యా తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"నాకు చెప్పుడేంది అన్నా? నేను తియ్యలేదని నాకు మొదలే ఎర్కే. ఎర్కలేనోల్లకు చెప్పు."

"చెప్త. మన్నించు తమ్మీ."

"ముందుగాల చెప్పు. ఆ ముచ్చట మల్ల చూద్దాం." ఇంకో బస్తా ఎత్తుకున్నాడు.

ఆదివారం సోమ్లీ వెనక చాపమీద కూర్చుని ఉండగా, మధుకర్ దొంగ కోసం ప్రార్థన మొదలుపెట్టబోతుంటే జయపాల్ మైకు తీసుకున్నాడు. దొంగ దొరికాడనీ, ఆ దొంగ తనేననీ, ఇన్నాళ్లూ ప్రార్థన వినిపించింది ఆ మిషినేననీ చెప్పాడు. వెనక నుంచి ఒక ముసలామె అలవాటుగా స్తోత్రం అంది. ఎవరూ నవ్వలేదు. పెద్దమనుషులకు వేరుగా చెప్పాడు. ఆటోకు హారన్ కట్టుకుని ఊరూ తండా తిరిగి మరీ చెప్పాడు. ఈసారి హీర్యా పేరు చెప్పాడు, తన పేరూ చెప్పాడు. తండా పిల్లలు ఆటో వెంట పరుగెత్తారు. పెద్దవాళ్లు గడపల్లో నిలబడి విని లోపలికి పోయారు.

ఆ సీజన్ జయపాల్‌కు బేరాలు తగ్గాయి. ఒక ఇంట్లో స్టీలు బకెట్ కనబడకపోతే మైకుసెట్టు ఆయన్ను అడగమన్నారు. అతను సామాను అంతా విప్పి చూపించాడు. బకెట్ దొరకలేదు. ఆ అడుగుడు ఎట్లా ఉంటుందో అతనికి అప్పుడు తెలిసింది. కోపం రాలేదు. హీర్యా ఇన్నేళ్లు మోసింది ఇదేనని సరోజతో అన్నాడు.

సోమ్లీ మాత్రం ఒక టెంకాయతో చర్చికి వచ్చింది. దొంగ దొరికితే ఇస్తానని మొక్కుకుందట. చర్చిలో టెంకాయ కొట్టరని చెప్పడానికి మధుకర్‌కు నోరు రాలేదు. రెండు చేతులా తీసుకున్నాడు. పాస్టరమ్మగారు దాంతో పచ్చడి చేసి, ఉపవాసం విడిచేటప్పుడు అందరికీ వడ్డించింది.

హీర్యా ఎండాకాలంలో వచ్చాడు. చెల్లెలి బిడ్డ పెళ్లి ఉందని, సెట్టు కావాలని అన్నాడు. వాకిట్లోనే నిలబడ్డాడు.

"తీస్కపో తమ్మీ. నీ దగ్గర కిరాయి ఏం తీస్కుంట?"

"తీస్కో అన్నా. ఊకెనే ఇస్తె మల్ల ఏమో చేసినవనుకుంటరు."

జయపాల్ ఒప్పుకున్నాడు. సరోజ కుర్చీ తెచ్చి వాకిట్లో వేసింది. హీర్యా కొంచెంసేపు ఆలోచించి కూర్చున్నాడు. ఆమె లోపలికి పోయి చాయ్ పెట్టింది.