నిండు గ్లాసు, నాలుగు టైర్లు

కత్తెరమ్మ అసలు పేరు వీధిలో సగం మందికి తెలీదు. తెలిసిన సగం మందీ ఎప్పుడో మర్చిపోయారు. చేతిలో ఎప్పుడూ కత్తెర ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని ఆమె అనుకుంటుంది. నోటిని బట్టి వచ్చిందని వీధి అనుకుంటుంది. ఆ సంగతి ఆమె మొహం మీద చెప్పే ధైర్యం ఇంకా ఎవరికీ రాలేదు.

ఆమె కుట్టేది కర్టెన్లు. జనం ఒంటి మీద వేసుకునేవి ఏవీ ముట్టుకోదు. "మనుషులకి కుడితే ఒకరు లావెక్కుతారు, ఒకరు చిక్కిపోతారు, తప్పు మాత్రం నా సూదిది. కిటికీ అలా కాదు. కుట్టిననాడు ఎంతుందో పదేళ్లకీ అంతే ఉంటుంది, పైగా నోరెత్తదు" అంటుంది. అయితే కర్టెన్ల పనికి మిషన్ కన్నా ముందు చోటు కావాలి. గుడ్డని ఈ చివర నుంచి ఆ చివరకి ముడత లేకుండా పరిచి కోస్తేనే తిన్నగా వేలాడుతుంది. అందుకని ఎన్నో ఏళ్లు రూపాయి రూపాయి కూడబెట్టి ఇంటి ముందు రేకుల షెడ్డు వేయించుకుంది. నున్నటి సిమెంటు నేల, పెద్ద కిటికీ. గుడ్డ కోసే పొడుగుబల్లకి వడ్రంగితో మాట్లాడేసింది కూడా.

బల్ల రాకముందే షెడ్డులోకి కారు వచ్చింది.

అలాంటిలాంటి కారు కాదు. ముందు దీపాల దగ్గర మొదలుపెట్టి వెనక డిక్కీ దాకా నడిచేసరికి, ఏం చెప్పడానికి బయల్దేరామో మర్చిపోతాం. నల్లగా, నున్నగా, మెట్లు దిగుతున్న జమీందారిణిలా ఉంటుంది. కత్తెరమ్మ మొగుడు మిల్లు యజమాని ఇంట్లో డ్రైవరు. బతుకంతా ఆ ఒక్క బండే నడిపాడు. యజమాని పోయాక ఆయన భార్య పెద్దమ్మగారు బంగళా అమ్మేసి చిన్న ఇంటికి మారుతూ, "దీన్ని పరాయివాళ్ల చేతిలో పెట్టలేను, నువ్వే ఉంచుకో" అని తాళాలు ఇతని చేతిలో పెట్టారు. ఆయనగారు ఆ బండిని తెచ్చి, ఇంకెక్కడా చోటు లేనట్టు, తిన్నగా షెడ్డులో పెట్టాడు. కొలత తీసి దానికోసమే కట్టించినట్టు సరిగ్గా సరిపోయింది.

అప్పటి నుంచి కత్తెరమ్మ మంచం మీద గుడ్డ పరిచి కోస్తోంది. మంచానికి నడుమ పల్లం. కర్టెన్లకి నడుమ వంకర.

"ఈ బండి ఎప్పుడు కదులుతుంది?" అని అడిగితే, "టైర్లు రానీ" అనేవాడు డ్రైవరు. పాత టైర్లు చూస్తే గాట్లన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి గానీ, పక్కలు మాత్రం ఎండిన చెరువు నేలలా పగుళ్లిచ్చాయి. వాటి మీది తెల్లపట్టీ గారపళ్ల రంగుకి తిరిగింది. బరువు పడకుండా బండిని నాలుగు చెక్కదిమ్మల మీదకి ఎత్తిపెట్టి, రోజూ పొద్దున్నే తుడిచేవాడు. కట్టుకున్న పెళ్లాం నడుం పట్టేసిందంటే ఒక దిండు ఎత్తిపెట్టని మనిషి!

చివరికి ఒక దారి దొరికింది. పాతకాలపు బళ్లని షూటింగులకీ పెళ్లిళ్లకీ తిప్పే అద్దెకార్ల ఆసామి వచ్చి చూశాడు. "నాలుగు మంచి టైర్లు వేసి తీసుకురా. బండి నా షెడ్డులో ఉంటుంది, నడిపేది నువ్వే" అన్నాడు. సరిగ్గా ఆ వారంలోనే కత్తెరమ్మకి ఊళ్లో నాటకాల హాలు మేనేజరమ్మ నుంచి కబురొచ్చింది. హాలు బాగుచేస్తున్నారు, వేదికకి కొత్త తెర కావాలి. వెల్వెట్టు తెర! కిటికీ కర్టెన్లు కుట్టేవాళ్లకి అంతకన్నా పెద్ద పని ఉండదు.

మేనేజరమ్మ షెడ్డుని ఒకసారి, కారుని ఒకసారి చూసింది. "సోమవారం గుడ్డ దిగుతుంది. పరచడానికి చోటు లేకపోతే మాత్రం చెప్పండి, ఇంకొకరికి ఇస్తాను. వెల్వెట్టు మంచం మీద కోసేది కాదు."

"సోమవారానికి ఇక్కడ ఈగ కూడా ఉండదు" అంది కత్తెరమ్మ.

నాలుగు టైర్లే కదా అనుకుంది. పాపం.

మొదట కొలత దగ్గరే రభస. పాత టైరు మీద అంకెలు అంగుళాల్లో ఉన్నాయి. ఇప్పటివన్నీ మిల్లీమీటర్లు. డ్రైవరు కత్తెరమ్మ టేపు తీసుకెళ్లి చక్రం చుట్టూ కొలిచాడు, అడ్డంగా కొలిచాడు, పడుకుని కింద నుంచి కొలిచాడు. టేపు తిరిగొచ్చేసరికి గ్రీజు పూసుకుని ఉంది. అది చూసుకోకుండా ఆమె తెల్లగుడ్డ మీద పెట్టింది. ఆ రోజు ఇంట్లో జరిగింది చెప్పుకోకపోవడమే మంచిది.

మర్నాడు ఇతన్ని ఒంటరిగా పంపితే పని కాదని తనే వెంట వెళ్లింది. టైర్ల షాపాయన మంచివాడే. మొదటి గంట వరకూ.

"మూడు రకాలున్నాయి సార్" అన్నాడు. "నైలాన్ టైరు. అప్పట్లో మీ బండికి వచ్చిందిదే, తెల్లపట్టీ కూడా ఉంటుంది. రెండోది రేడియల్. మెత్తగా పోతుంది, రోడ్డుని పట్టుకుంటుంది. మూడోది వ్యాను టైరు. బరువు బాగా ఆపుతుంది."

"వ్యాను టైరా!" డ్రైవరు చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అమ్మగారు వింటే ఏమనుకుంటారు?"

"అమ్మగారు ఇక్కడ లేరు. నేనున్నాను" అంది కత్తెరమ్మ.

"నైలాన్ అయితే రూపం బావుంటుంది. కానీ రాత్రంతా నిలబడితే అడుగు చదునైపోయి, పొద్దున్నే కాసేపు గడగడలాడుతుంది" అన్నాడు డ్రైవరు.

"అయితే రేడియల్ తీసుకోండి."

"రేడియల్ అయితే బండి ఆపేటప్పుడు స్టీరింగ్ బరువెక్కుతుంది. పక్కలు ఉబ్బినట్టు కనబడతాయి. తెల్లపట్టీ చూశావా, దారప్పోగంత ఉంది!"

"అయితే నైలానే తీసుకోండి."

"గడగడలాడుతుందని చెప్పానా?"

"అయ్యా మహానుభావా, పిల్లకి సంబంధం చూసేటప్పుడు కూడా ఇన్ని వంకలు పెట్టలేదు మీరు. అల్లుడి నత్తి మీకు వినబడనే లేదు. ఇప్పుడు రబ్బరు గడగడా వినబడుతోందా?"

షాపాయన నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగాడు.

డ్రైవరు బాధ ఏమిటంటే, పెద్దమ్మగారికి వెనక సీట్లో కూర్చుని టీ తాగే అలవాటు. ఇన్నేళ్లలో ఒక్క చుక్క కూడా సీటు మీద ఒలకలేదని ఇతని గొప్ప. ఆ మాట చుట్టాలకి చెప్పాడు, ఇరుగుపొరుగుకి చెప్పాడు, పన్ను పీకించుకుంటూ డాక్టరుకి కూడా చెప్పబోయాడు. ఇప్పుడు వేసే టైర్లతో కూడా ఒలకకూడదు. అదీ ఆయనగారి పట్టు.

"ఒక పని చేయండి" అన్నాడు షాపాయన, ఇద్దర్నీ ఎలాగైనా గుమ్మం దాటించాలని. "ముందు నైలాన్ వేస్తాను. ఒక రాత్రి ఉంచి, పొద్దున్నే నాలుగు వీధులు తిప్పి చూడండి. నచ్చకపోతే మచ్చ పడకుండా తెచ్చిస్తే మారుస్తాను. ఒక్కసారే మారుస్తాను, ముందే చెప్తున్నా."

శనివారం పొద్దున్నే నైలాన్ టైర్లతో బండి వీధిలోకి వచ్చింది. డ్రైవరు వెనక తలుపు తెరిచి, అంచుదాకా నీళ్లు నింపిన గాజు గ్లాసు కత్తెరమ్మ చేతిలో పెట్టాడు.

"నేనా?"

"నడుపుతూ వెనక కూర్చోలేను కదా. పట్టుకుని ఉండు, చాలు. ఒలికితే చెప్పు."

ఇన్నేళ్లలో ఆ వెనక సీట్లో ఆమె కూర్చోవడం అదే మొదలు. ఆ మెత్తదనం ఏమిటో చూద్దామని వెనక్కి వాలబోయింది. బండి కదిలింది. గడగడ మొదలైంది. మొదటి మలుపులోనే గ్లాసులో పావువంతు ఆమె ఒళ్లో ఉంది.

"ఒలికిందా?"

"ఒలకడమా? స్నానమైంది!"

అన్నాక నాలుక కరుచుకుంది. కానీ ఏం లాభం? డ్రైవరు మొహం వెలిగిపోయింది. "చూశావా! నే చెప్పలా?" అంటూ బండిని అటునుంచటే షాపుకి తిప్పాడు. తన నోటితోనే తన షెడ్డుకి తాళం వేసుకుంది. ఎవర్ని తిట్టాలి? ఒళ్లంతా తడిసి షాపు ముందు బెంచీ మీద కూర్చుని, తనని తనే తిట్టుకుంది. కాస్త తీరిక దొరికాక మొగుణ్ణి కూడా తిట్టింది.

రేడియల్ టైర్లు వేసేసరికి ఆదివారం సాయంత్రమైంది. షాపాయన చేతులు జోడించాడు. "సార్, ఇవీ నచ్చకపోతే పక్క ఊరికి వెళ్లండి. బస్సు ఎక్కడ ఆగుతుందో నేనే దగ్గరుండి చూపిస్తా."

"నచ్చకపోతే పెద్ద నగరం నుంచి తెప్పిస్తా. నెల పడితే పడనీ" అన్నాడు డ్రైవరు తాపీగా, గ్లాసు నింపుతూ.

నెల! పొద్దున్నే వెల్వెట్టు దిగుతోంది. మేనేజరమ్మ వస్తుంది, కారుని చూస్తుంది, ఒక్క మాటైనా అనకుండా లారీని వెనక్కి తిప్పిస్తుంది. కత్తెరమ్మ గ్లాసు అందుకుని వెనక సీట్లో కూర్చుంది. అబద్ధం చెబుదామా అంటే, ఒళ్లు తడిస్తే దాచడం కుదరదు. నిజం చెబుదామా అంటే తెర పోతుంది. గ్లాసు చూస్తే ఈసారి నీళ్లు అంచు మీద ఉబ్బి ఉన్నాయి. ఊపిరి గట్టిగా వదిలినా ఒలికేలా ఉన్నాయి. కొత్త తెర కట్టిన వేదిక కళ్ల ముందు కనబడింది. వెంటనే నడుం పడిపోయిన మంచం కూడా కనబడింది.

బండి ఇంకా కదల్లేదు. డ్రైవరు ముందు అద్దం తుడుస్తున్నాడు.

కత్తెరమ్మ గ్లాసెత్తి గటగటా సగం తాగేసింది.

బండి కదిలింది. గడగడ లేదు. మలుపు తిరిగింది, నీళ్లు అంచువైపు పాకి వెనక్కొచ్చాయి. బజారులో స్పీడ్ బ్రేకరు వచ్చింది, నీళ్లు లేచి పడ్డాయి, గ్లాసు దాటలేదు. ఆమె ఈసారి హాయిగా వెనక్కి వాలింది. ఈ సీటు కోసం ఎవరికైనా పిచ్చెక్కినా ఎక్కొచ్చని ఒక్క క్షణం అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. అంటే మళ్లీ బండిని ఇంటికే తెస్తాడు.

అద్దెకార్ల ఆసామి ఇంటి ముందు బండి ఆపి, డ్రైవరు వెనక తలుపు తెరిచాడు. మొదట సీటు తడిమి చూశాడు. తర్వాత ఆమె ఒడి చూశాడు. పొడిగా ఉంది. ఆ తర్వాత గ్లాసు చూశాడు.

"సగమే ఉందేం?"

"దాహం వేసింది, తాగాను. మీ టైర్ల కోసం నేను ఎండిపోవాలా?"

"ఎప్పుడు తాగావు?"

"మీరు అద్దం తుడుస్తుంటే."

అయిపోయిందనుకుంది. ఇప్పుడిక పెద్ద నగరం, నెలరోజులు, మంచం, వంకర కర్టెన్లు. నోట్లో తిట్లు వరసలో నిలబెట్టి సిద్ధం చేసుకుంది. డ్రైవరు మాత్రం గ్లాసుని దీపం వెలుగుకి ఎత్తి పట్టుకుని, నిదానంగా తలూపాడు.

"అమ్మగారూ అంతే. గేటు దాటకముందే సగం తాగేసేవారు."

వరసలో నిలబడ్డ తిట్లన్నీ కత్తెరమ్మ మింగేసింది.

"మరి ఇన్నేళ్లూ చుక్క ఒలకలేదని ఊరంతా చెప్పుకు తిరిగారేమండీ!"

"ఒలకలేదుగా!" అన్నాడు డ్రైవరు, నిజంగానే అర్థం కానట్టు.

తాళాలు ఆసామి చేతికి ఇచ్చి, బండి ఆయన షెడ్డులోకి వెళ్లేదాకా డ్రైవరు నిలబడి చూశాడు. ఇంటికి నడిచి వస్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. రెండోసారి ఆమె భుజం పట్టి ముందుకి తిప్పింది.

పొద్దున్నే వెల్వెట్టు దిగింది. వడ్రంగి బల్ల కూడా తెచ్చాడు. ముదురెరుపు గుడ్డ ఆ చివర నుంచి ఈ చివరకి పరుచుకుంది. ఎక్కడా మడత లేదు. మేనేజరమ్మ చేత్తో నిమిరి చూసి, తలూపి వెళ్లిపోయింది. కత్తెరమ్మ సుద్దతో గీత గీసి, కత్తెర తీసి, మొదటి కోత కొయ్యబోయింది.

బల్ల కొద్దిగా కదిలింది.

వంగి చూస్తే డ్రైవరు. గ్రీజు టేపు పట్టుకుని, బల్లకాలు పక్కన బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఈ కాలు కాస్త పొట్టిగా ఉంది. కింద రబ్బరు ముక్క పెట్టాలి" అన్నాడు. "అయితే రబ్బరు రెండు మూడు రకాలుంటుంది. తొందరపడితే కుదరదు..."

"లేస్తారా, కత్తెర కిందకి వదలనా?" అంది కత్తెరమ్మ.