గరుకు తగలని బండి

నగండప్పా, నగండి. మూతి మీద మీసం లేకుండా ఈ ఓబులేసును మీరెప్పుడన్నా చూసినారా? మా పెండ్లి ఫొటోలో పెండ్లికూతురి కంటే ముందు నా మీసమే కనపడుతాది. అట్లాంటి మీసం పోయింది. ఎట్ల పోయిందో నేనే చెప్తా. బయట మా ఏసోబు చెప్పే కథ నమ్మద్దండి, వాడు ఉప్పూకారం జాస్తి వేస్తాడు. లక్ష్మక్కా, ఇంకో టీ ఇయ్యి.

నేను ఈడ ఉరవకొండలో గేట్లు, గ్రిల్లులు చేస్తానని మీకు తెలుసు. ఈ పని చానామందిమి చేస్తాము గానీ, నా పని వేరు. గొప్ప కాదప్పా, ఉన్న మాట చెప్తాండా. వేరేవాళ్ళు వెల్డింగ్ చేస్తే అతుకు దగ్గర పుండు మానినట్ల ఉబ్బుగా ఉంటాది. నేను గ్రైండర్ పట్టుకుంటే అతుకు యాడుందో మళ్ళా నాకే తెలీకూడదు. నా గేటుకు ధర్మవరం పట్టుచీర కొంగు రాసుకుంటూ పోయినా ఒక్క పోగు లేవదు. ఆ గీరే నా కొంప ముంచింది.

మా నాయనకు ఒక పాత పికప్ బండి ఉండాది. శెనక్కాయ మూటలు మోసింది, కరువేడాది పసులకు గడ్డి మోసింది, బోర్లు ఎండిపోయినప్పుడు ఊరికి నీళ్ల డ్రమ్ములు మోసింది. రెండేండ్ల కింద ఇంజను పట్టేసి ఇంటి పక్కన నిలబడిపోయింది. వెనక తొట్టిలో మా కోడి గుడ్లు పెడుతాండె. నాయన పొద్దన లేస్తానే దాని దగ్గరికి పోయి, టైరు మీద ఒక చెయ్యి వేసి లోపలికి వచ్చేవాడు. నాకు అది చూడలేక ప్రాణం ఉసూరుమనేది.

ఈ మధ్యన నాయన నెలరోజులు కుందుర్పిలో మా అక్క ఇంటికి పోయినాడు. ఇదే సందు అనుకుంటి. ఆయప్ప తిరిగొచ్చేలోపల బండిని కొత్తపెండ్లికొడుకు మాదిరి నిలబెట్టల్ల!

ఇంజను మెకానిక్కు చూసుకున్నాడు. ఆ పాత ఇంజనునే బాగుచేసినాడు. బాడీ, చాసీ మాత్రం నేనే. చాసీ అంటే అడుగున బండినంతా మోసే రెండు ఇనుప దూలాలు. దాన్ని ఎవురూ చూడరు, రంగు పూసి వదిలెయ్యన్నా అని ఏసోబు అన్నాడు. వానిది నా అంగడి పక్కనే పంక్చర్ల అంగడి. పని లేనప్పుడు వచ్చి సలహాలిస్తాడు. "ఎవురూ చూడనిచోట శుభ్రంగా చేసేవాడే పనోడు రా" అంటి. ఎంత మంచి మాటో చూడండి! నా నోట్లోనుంచే వచ్చింది.

బండి కిందకి దూరి చూస్తే, కుడిపక్క ముందు చక్రం దగ్గర, దూలం మీద జానెడు పొడుగున ఎర్రగా పక్కు కట్టి ఉండె. తుప్పు! గీకితి. పక్కు రాలింది గానీ కింద గుంతలు గుంతలుగా వేలికి తగిలె. ఓయప్పా, లోపల దాకా తినేసింది అనుకుంటి. ముందు ముతక డిస్కు, తర్వాత సన్న డిస్కు, తర్వాత అద్దం మాదిరి మెరిసేదానికి ఇంకోటి. అట్లా ఒక గంట పట్టింది. ఆ మీద పుట్టీ, ప్రైమర్, రెండు కోట్లు నల్ల పెయింటు. చెయ్యి పెట్టి చూసుకుంటే పసిబిడ్డ బుగ్గ మాదిరి ఉండె. నాకు నేనే భుజం తట్టుకుంటి.

నాయన బస్సు దిగి వచ్చినాడు. బండి చుట్టూ మూడుసార్లు తిరిగినాడు, గుడి చుట్టూ తిరిగినట్ల. "ఎవురిదిరా ఇది?" అన్నాడు.

"నీదే నాయనా."

తువ్వాలతో మొగం తుడుచుకుంటా, "దుమ్ము పడింది కంట్లో" అన్నాడు. యాడుండాది దుమ్ము? పొద్దన్నే నేనే నీళ్లు చల్లినా. నిజం చెప్తాండా, ఆ పొద్దు నేను నేల మీద నడవలే.

ఆ సంతోషంలో ఇదిగో, ఇదే బెంచీ మీద కూర్చోని నోరు జారితి. నలుగురూ బండిని మెచ్చుకుంటాంటే ఏసోబుగాడు పుల్ల పెట్టినాడు. "పైన బాగుండాది లేన్నా, అడుగున ఎట్లుందో?" నాకు రోషమొచ్చింది. లేసి నిలబడి మీసం దువ్వుతా అంటి: "బోనెట్ నుంచి అడుగు దాకా యాడన్నా తడుముకోండి! బండి మొత్తం మీద ఒక్కచోట వేలికి గరుకు తగిలితే, ఈ మీసం తీసేస్తా!"

లక్ష్మక్క సాక్షి. అవునా కాదా అక్కా? చూడండి, ఎట్ల నగుతాందో.

ఇంగ బండికి ఎఫ్‌సి చేయించల్ల. బండి రోడ్డు మీద తిరగనీకి పనికొస్తాదని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి కాగితమిస్తే గానీ తోలకూడదు. ఇన్నేండ్లూ ఆ పనులన్నీ నాయనే చూసుకున్నాడు, నేను ఒక్కసారి కూడా ఎంబడి పోలే. ఈసారి మాత్రం, నా పనితనం అధికారులు చూడద్దా? ఇస్త్రీ చొక్కా వేసుకోని నాయన ఎంబడి ఆర్టీవో ఆఫీసుకు పోయినా.

ఇన్‌స్పెక్టర్ ఒక మేడం. చిన్న వయసే, చూపు మాత్రం గట్టిది. లైట్లు చూసె, బ్రేకులు చూసె, హారన్ కొట్టి చూసె. "బాగా చేయించారే. ఎవరు చేశారు?" అని అడిగె. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. "నేనే మేడం."

అప్పుడు ఒక కాగితం, పెన్సిల్ తీసుకోని కుడిపక్క ముందు చక్రం దగ్గర కూర్చుండి, ఆ దూలం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దె. కాగితమంతా నల్లగా వచ్చె. ఇంకొంచెం పక్కకి జరిపి రుద్దె. అదీ నలుపే.

"నంబర్ ఎక్కడ?"

"ముందర ప్లేటు మీద ఉండాది కదా మేడం. రేడియంతో రాయించినా."

"అది కాదండీ. చాసీ మీద కంపెనీ వాళ్ళు కొట్టిన నంబర్."

మీరైతే ఆడ ఏం చేసేవాళ్ళు? గమ్మునుండేవాళ్ళు. నేను ఏం చేసినా? "ఆడ ఏమీ తగలదు మేడం, గ్యారంటీ! మొండి తుప్పు ఉండె, మూడు రకాల డిస్కులు వేసి కొట్టినా!" అంటి.

"మీరే కొట్టారా?"

"నేనే! ఇంకెవురినీ చెయ్యి పెట్టనియ్యలే."

"పుట్టీ కూడా పెట్టారా?"

"పుట్టీ, ప్రైమర్, రెండు కోట్లు మేడం!"

ఆయమ్మ ఒక్కొక్కటే రాసుకుంటాంది. నేనేమనుకుంటాండా? వాళ్ళ ఇంటికి గేటు చేయించుకోవల్ల అనుకుంటాందేమో అని! కొలతలకు ఎప్పుడు రావల్లనో అడుగుదామని నోరు తెరిచినా.

మేడం పెన్ను మూసింది. "చాసీ నంబర్ చెరపడం నేరమని తెలుసా మీకు? దొంగబండ్లకు చేసే పని ఇది. బండి ఇక్కడే ఉంటుంది. పోలీసులకు రాస్తున్నాను. ఈ బండి మీదేనని తేలకపోతే ఇది మళ్ళీ రోడ్డెక్కదు, తుక్కుకే."

తుక్కు! నాయన పొద్దన్నే చెయ్యి వేసే బండి! పక్కన నాయన నిలబడి ఉండాడు. బతుకులో ఒకరి చేను గట్టు మీద శెనక్కాయ కూడా పెరికి తినని మనిషి. అట్లాంటోన్ని తీసుకపోయి అందరి ముందరా దొంగను చేస్తి. భూమి చీలితే బాగుండు అనిపించింది.

నాయన నా పక్క తిరిగి, మెల్లగా అడిగినాడు. "ఓబయ్యా, ఆడ ఎర్రగా ఏమన్నా ఉండెనా?"

"తుప్పు ఉండె నాయనా. గీకేసినా."

"తుప్పు కాదురా తిక్కనాయాలా. అది నేను పెట్టిన కుంకుమ."

అప్పుడు చెప్పినాడు. బండి కొన్న కొత్తలో ఒక ఇన్‌స్పెక్టర్ కింద కూర్చోని, నంబరు మీద కాగితం పెట్టి, భక్తిగా పెన్సిల్ రుద్దడం చూసినాడంట. ఇదీ ఒక పూజే అనుకున్నాడంట! ఆ ఏడాది నుంచి ప్రతి ఆయుధ పూజకూ అందరూ బోనెట్‌కు బొట్టు పెడితే, మా నాయన బండి కిందకి దూరి, కిరసనాయిల్ గుడ్డతో ఆ నంబరు తుడిచి, గోడ క్యాలెండర్‌లో ఆ పొద్దుటి కాగితం చించి దాని మీద పెట్టి, కుంకుమ వేలితో రుద్దేవాడు. తర్వాత నంబరుకు పసుపూ కుంకుమ మెత్తేవాడు. దాని మీద ఏడాదంతా గ్రీజు, మన ఎర్రమట్టి. అదీ నా మొండి తుప్పు!

కిందకి దూరేది నేను ప్రతేడూ చూసినా. ఇరుసుకో దేనికో పూజ అనుకుంటి. ఒక్కనాడు వంగి చూసింది లేదు.

"ఏంటికి నాయనా అట్లా?" అంటి.

"మనిషికి పేరు మాదిరి బండికి అది. పేరు తెలీకుండా పూజ చేస్తే ఎవురికి చేసినట్లురా?"

అని, మేడం దగ్గరికి పోయి, చంకలో ఉన్న ప్లాస్టిక్ కవరు టేబుల్ మీద పెట్టినాడు. దాంట్లోనే బండి కాగితాలు, వాటి వెనక ఒక కట్ట. పొద్దుకొక కాగితం చించే క్యాలెండర్ ఉంటాది చూడండి, ఆ కాగితాలు! ఏడాదికొకటి. తేదీ, తిథి, వర్జ్యం, వాటి మీద ఎర్రగా కుంకుమ, ఆ ఎరుపు మధ్యలో తెల్లగా అంకెలు, అక్షరాలు. "బండి మాదే మేడం. రికార్డు నా దగ్గర ఉండాది" అన్నాడు.

మేడం ఒక్కొక్కటే తిప్పి చూసె. ఆఫీసు పాత ఫైలు తెప్పిచ్చి, కొన్నప్పుడు తీసిన పెన్సిల్ ప్రింటు పక్కన పెట్టి చూసె. నంబరులో నాలుగు అనే అంకె ఒకటి కొంచెం ఒంగి ఉండె, కుంటోడు నిలబడినట్ల. పెన్సిల్‌లోనూ కుంటిదే, కుంకుమలోనూ కుంటిదే! ఆయమ్మ మొగంలో మొదటిసారి నవ్వు చూస్తి. "పెద్దాయనా, మా ఆఫీసు కంటే మీ రికార్డే బాగుంది. నేను నమ్ముతున్నాను. కానీ పద్ధతి పద్ధతే" అనె.

పద్ధతంటే మాటలా? స్టేషనుకు పోయినాము. ఎస్సై సారు నా వాంగ్మూలం చదివి నన్ను కిందనుంచి పైదాకా చూసినాడు. "నంబరు మార్చిన దొంగల్ని చూసినాను గానీ, నంబరు చెరిపి, ఇస్త్రీ చొక్కా వేసుకోని, ఆఫీసుకు పోయి, నేనే చేసినా అని మురుసుకుంటా చెప్పినోన్ని ఇప్పుడే చూస్తాండా" అన్నాడు. ఇంజను నంబరు మాత్రం ఆర్‌సి పుస్తకంలో ఉన్నట్లే ఉండె. దాన్ని నేను తాకలేదు కాబట్టి బతికిపోయింది. విచారణ, అఫిడవిట్టు, మళ్ళీ ఆఫీసు, రెండు నెలలు తిరిగినా. నాయన మాత్రం వారానికొకసారి బస్సెక్కి పోయి, ఆ ఆవరణలో నిలబడిన బండిని తడిగుడ్డతో తుడిచి వచ్చేవాడు. నన్ను ఒక్క మాట అనలే. తిట్టింటే బాగుండె.

చివరికి ఆర్డరు వచ్చింది. మేడం ముందర, అదే చోట, అదే నంబరు మళ్ళీ కొట్టల్ల. అచ్చులు పెట్టి సుత్తితో కొట్టనీకి ఒక మనిషి వచ్చినాడు. "మేడం, నేను కొడితే లైను ఇంకా నీటుగా..." అంటి.

"మీరు నాలుగడుగులు వెనక్కి నిలబడండి" అనె మేడం.

నిలబడితి. ఒక్కో దెబ్బ నా పెయింటు మీద పడతాంటే నా గుండెలో పడినట్లుండె. కానీ చెప్పొద్దూ, ఎఫ్‌సి కాగితం చేతికొచ్చి, నాయన చక్రం తిప్పుకుంటా, కిటికీలో మోచెయ్యి పెట్టి, ఉరవకొండ రోడ్డు మీద బండి తోలతాంటే పక్కన కూర్చున్న నాకు ఏనుగు మీద ఊరేగినట్ల ఉండె!

నేరుగా ఈ టీ అంగడి ముందరే ఆపినాము. అందరూ చప్పట్లు. ఏసోబు మాత్రం చప్పట్లు కొట్టలే. తువ్వాల పరిచి బండి కిందకి దూరినాడు. తర్వాత అడుగునుంచి గొంతు వచ్చింది. "అన్నా, గరుకు తగుల్తాండాది!"

"ఒరే, అది గవర్నమెంటు గరుకు! నాది కాదు!"

"బండి మొత్తం మీద యాడన్నా అంటివి. ఎవురిదీ అని చెప్పలేదు కదన్నా."

నేను నాయన పక్క చూస్తి. నా బండి కాపాడిన దేవుడు, నా మీసం కాపాడడా? నాయన టీ ఊదుకుంటా, "మాట మాటే రా" అన్నాడు.

పోయినా. ఇంట్లో అద్దం ముందర నిలబడి, నా చేత్తోనే తీసినా. ఎట్ల తీసినా అనుకున్నారు? నున్నగా! తడిమితే ఒక్క గరుకు తగలదు, అదీ నా పనితనం. బయటికొచ్చినా. మా ఆడామె నన్ను చూసి కొంగు సర్దుకోని లోపలికి పోబోయింది, ఎవురో పరాయి మనిషని!

నాయన బండిని ఇంటికి తెచ్చి, దాని దగ్గరే ఉండాడు. కొత్త నంబరుకు కుంకుమ పెట్టి అప్పుడే బయటికి వస్తాండాడు. నన్ను చూసినాడు. దగ్గరికొచ్చి మూతి మీద చెయ్యి పెట్టి తడిమి చూసినాడు. మిగిలిన కుంకుమ నా నుదుటన ఒకటి పెట్టి, ఎంబడే వచ్చి వాకిట్లో నిలబడి నగుతాండే ఏసోబుతో, అచ్చం ఆఫీసులో చెప్పినట్లే చెప్పినాడు.

"గుర్తు గీకేసుకున్నా మావాడే అప్పా. రికార్డు నా దగ్గర ఉండాది."